కట్టకముందే ఇంటికి ఎండ లెక్క

ఉద్దానంలో ఇళ్ళ పైకప్పులు మారిపోయాయి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఒకప్పుడు ఎక్కడ చూసినా తాటాకు ఇళ్ళూ, పెంకుటిళ్ళూ ఉండేవి. ఇప్పుడు వాటి చోట శ్లాబు ఇళ్ళు లేస్తున్నాయి. ఎందుకో మీకు తెలుసు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. కొబ్బరి చెట్లు, జీడి చెట్లు లెక్కలేనన్ని నేలకూలాయి. కప్పులు ఎగిరిపోయాయి. కరెంటు స్తంభాలు పడిపోయి అనేక గ్రామాలు చాలా రోజులు చీకటిలో ఉన్నాయి. అటువంటి గాలిని చూసిన మనిషి శ్లాబు ఇల్లు కోరుకోవడంలో వింత ఏముంది?

అయితే శ్లాబు ఇంట్లో మరో బాధ ఉంది. మే నెలలో రాత్రి పది గంటలకు ఆ గదిలో పడుకుని చూడండి. బయట సముద్రపు గాలి చల్లగా వీస్తూ ఉంటుంది. లోపల మాత్రం పైనుంచి సెగ దిగుతూనే ఉంటుంది. ఫ్యాను వేస్తే వేడిగాలే తిరుగుతుంది. పాత తాటాకు ఇంట్లో ఈ బాధ లేదు. మందమైన ఆకుల పొర వేడిని లోపలికి రానివ్వదు. కాని ఆ కప్పు తుపానుకు నిలవదు.

గాలికి నిలిచే ఇల్లు, ఎండకు కాగని ఇల్లు, కరెంటు పోయినా దీపం వెలిగే ఇల్లు. ఈ మూడూ ఒకే ఇల్లు కాగలవా? కాగలవు. కాని ఇల్లు కట్టేశాక తెలుసుకుంటే లాభం లేదు. గోడ ఒకసారి లేచాక దాన్ని తిప్పలేం. అందుకని శాస్త్రజ్ఞులు ఇంటిని ముందు అంకెలలో కడతారు. దాని మీద అంకెలలోనే ఎండ కాయిస్తారు, వాన కురిపిస్తారు. ఏది ఎంత వేడెక్కిందో చూసి, మార్చవలసినది కాగితం మీదనే మారుస్తారు. దీనికి సిమ్యులేషన్ అని పేరు. మనం అనుకరణ లెక్క అందాం. కంప్యూటర్ లేకుండా, ఒక నోటుపుస్తకం, పెన్సిలుతో ఈ లెక్క ఎలా మొదలవుతుందో చూద్దాం.

మొదటి మెట్టు: ఎండ ఎటునుంచి వస్తుంది?

పలాస అక్షాంశం సుమారు 18.8 డిగ్రీలు. టెక్కలిది 18.6. మనం భూమధ్యరేఖకూ కర్కటరేఖకూ నడుమ ఉన్నాం. కనుక సూర్యుడు సంవత్సరంలో రెండుసార్లు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. పలాసలో ఇది మే నెల నడిమిలో ఒకసారి, జూలై చివరలో ఒకసారి జరుగుతుంది. ఆ మిట్టమధ్యాహ్నం నిలువు కర్రకు నీడ ఉండదు.

మార్చి 21న మధ్యాహ్నం సూర్యుడు దక్షిణ దిగంతం నుంచి 71 డిగ్రీల ఎత్తులో ఉంటాడు (90 లోంచి 18.8 తీసివేయండి). డిసెంబరు 22న 48 డిగ్రీల ఎత్తే (అందులోంచి మరో 23.4 తీసివేయండి). జూన్ 21న నడినెత్తి దాటి ఉత్తరానికి నాలుగున్నర డిగ్రీలు ఒరుగుతాడు.

ఈ అంకెలతో ఏమిటి ప్రయోజనం? దక్షిణపు గోడలో కిటికీ ఉన్నదనుకోండి. దాని మీద 60 సెంటీమీటర్ల సజ్జా వేస్తే నీడ ఎంత కిందికి దిగుతుంది? సజ్జా పొడవును సూర్యుని ఎత్తు టాంజెంటుతో గుణిస్తే వస్తుంది. పదో తరగతి వారికి ఇది తెలిసిన త్రికోణమితే. మార్చి 21న 176 సెంటీమీటర్ల నీడ. అంటే కిటికీ మొత్తం నీడలో ఉన్నట్లే. డిసెంబరులో 66 సెంటీమీటర్లు. కిటికీ కింది సగంలోకి ఎండ వస్తుంది. చలికాలంలో ఆ ఎండ మనకు హాయే.

ఇప్పుడు అదే సజ్జా పడమటి గోడకు వేసి చూడండి. మే నడిమిలో సాయంత్రం నాలుగు గంటలకు సూర్యుడు 33 డిగ్రీల ఎత్తులో, దాదాపు ఎదురుగా ఉంటాడు. సజ్జా నీడ 40 సెంటీమీటర్లే దిగుతుంది. కిటికీ నిండా ఎండే! కాబట్టి పడమటి వైపు సజ్జాను నమ్ముకోకూడదు. అటు వసారా దింపాలి, లేదా పనస చెట్టు పెంచాలి. వీలుంటే ఇంటి పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకూ, పొట్టి గోడలు తూర్పు పడమరలకూ రావాలి. పునాది తవ్వకముందు ఇది పైసా ఖర్చు లేని మార్పు. తవ్విన తరువాత ఎంత డబ్బు పోసినా కాని మార్పు.

రెండవ మెట్టు: శ్లాబు ఎంత మింగుతుంది?

మన ఎండలో ఎక్కువ భాగం గోడల మీద కాదు, కప్పు మీద పడుతుంది. సూర్యుడు నడినెత్తిన ఉండే దేశం కదా!

30 చదరపు మీటర్ల శ్లాబు తీసుకుందాం. మే నెలలో తేట రోజున ఒక చదరపు మీటరు మీద రోజంతా పడే ఎండ 6 యూనిట్లు అనుకుందాం. యూనిట్ అంటే కరెంటు బిల్లులో ఉండే యూనిటే, కిలోవాట్ గంట. వేడిని కూడా దానితోనే కొలవవచ్చు. అంటే శ్లాబు మొత్తం మీద రోజుకు 180 యూనిట్ల ఎండ.

అందులో శ్లాబు ఎంత పీల్చుకుంటుంది? పాతబడి నల్లబడ్డ కాంక్రీటు నూటికి 70 పాళ్ళు పీల్చుకుంటుంది. అంటే 126 యూనిట్లు. తాజాగా తెల్లసున్నం వేస్తే 30 పాళ్ళే పీల్చుకుని మిగిలినది తిప్పికొడుతుంది. అంటే 54 యూనిట్లు.

పీల్చుకున్నదంతా గదిలోకి రాదు. చాలా భాగాన్ని బయటి గాలే తీసుకుపోతుంది. ఎంత లోపలికి వస్తుందో తెలియాలంటే రెండు అంకెలు కావాలి. ఒకటి, శ్లాబు పై ముఖం నుంచి గాలిలోకి వేడి పోయే తేలిక. డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు సుమారు 20 వాట్లు. రెండవది, శ్లాబును దాటి ఇటు గాలి నుంచి అటు గాలికి వేడి ప్రవహించే తేలిక. దీనిని యు విలువ అంటారు. 12 సెంటీమీటర్ల కాంక్రీటు శ్లాబుకు ఇది సుమారు 3.4. మూడు పాయింట్ నాలుగును ఇరవైతో భాగించండి. 0.17 వస్తుంది. అంటే పీల్చుకున్న వేడిలో నూటికి 17 పాళ్ళు గదిలోకి దిగుతుందన్నమాట.

శ్లాబు పైన రెండు సెంటీమీటర్ల మందం గల గట్టి థర్మోకోల్ పలకలు పరచి, వాటిని తడి తగలకుండా కప్పి, పైన టైల్స్ అతికిస్తే యు విలువ 1.2కు తగ్గుతుంది. అప్పుడు గదిలోకి దిగేది నూటికి 6 పాళ్ళే.

ఇప్పుడు నాలుగు ఇళ్ళను పక్కపక్కన నిలబెడదాం. గదిలోకి రోజూ దిగే వేడి ఇదీ:

నల్లబడ్డ శ్లాబు: 126లో 17 పాళ్ళు, 21.4 యూనిట్లు.
సున్నం వేసిన శ్లాబు: 54లో 17 పాళ్ళు, 9.2 యూనిట్లు.
థర్మోకోల్ పరచిన, రంగు మార్చని శ్లాబు: 126లో 6 పాళ్ళు, 7.6 యూనిట్లు.
థర్మోకోల్, సున్నం రెండూ ఉన్న శ్లాబు: 54లో 6 పాళ్ళు, 3.2 యూనిట్లు.

చూశారా! కేవలం సున్నం వేయడం వల్ల రోజుకు 12 యూనిట్ల వేడి తగ్గింది. ఆ వేడిని ఏసీతో బయటికి తోయాలంటే, యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడిని తోస్తుందనుకుంటే, 4 యూనిట్ల కరెంటు కావాలి. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ సౌర పలకలు సగటున రోజంతా ఉత్పత్తి చేసేదీ సుమారు 4 యూనిట్లే. రోజంతా ఏసీ నడిచే ఇంట్లో, ఆ మే రోజున, కొన్ని బకెట్ల సున్నం ఒక కిలోవాట్ పలకలంత పని చేసిందన్నమాట. అందుకే సౌర గృహానికి మొదటి సూత్రం ఇది: ముందు వేడి తగ్గించు, ఆ తరువాత పలకలు లెక్కపెట్టు.

ఏసీ లేని ఇంట్లో ఈ 12 యూనిట్లు బిల్లులో కనబడవు. మంచం మీద పసిపిల్లల చెమటలో, ముసలివారి నిద్రలేమిలో కనబడతాయి.

మూడవ మెట్టు: గంటగంటకు పాసుబుక్కు

రోజు మొత్తం లెక్క ఒక్కటే చాలదు. వేడి ఎప్పుడు వస్తుందన్నది కూడా తెలియాలి. పగలు బడికీ, పనికీ పోయే వారికి మధ్యాహ్నపు వేడి కంటె రాత్రి వేడే శత్రువు. అందుకు గంటగంటకు లెక్క వేయాలి. పద్ధతి బ్యాంకు పాసుబుక్కు వంటిదే. పాత నిల్వకు జమ కలిపి, ఖర్చు తీసివేస్తే కొత్త నిల్వ. ఇక్కడ నిల్వ అంటే శ్లాబులోని వేడి.

ఒక చదరపు మీటరు శ్లాబు బరువు సుమారు 275 కిలోలు. దాని ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరగడానికి సుమారు 68 వాట్-గంటల వేడి కావాలి. ఇది గుర్తుంచుకుని నల్లబడ్డ శ్లాబుతో ప్రారంభిద్దాం. ఉదయం 9 గంటలకు శ్లాబు, బయటి గాలి, గది అన్నీ 32 డిగ్రీలు అనుకుందాం.

9 నుంచి 10 వరకు: ఎండ 700 వాట్లు. పీల్చుకున్నది 490. గాలి, శ్లాబు ఒకే వేడిలో ఉన్నాయి గనుక ఖర్చు లేదు. 490ని 68తో భాగిస్తే 7.2. పది గంటలకు శ్లాబు 39.2 డిగ్రీలు.

10 నుంచి 11 వరకు: ఎండ 800 వాట్లు, జమ 560. బయటి గాలి 33 డిగ్రీలకు వచ్చింది. తేడా 6.2, దానిని 20తో గుణిస్తే పైకి పోయిన ఖర్చు 124. శ్లాబు కింది ముఖం నుంచి గదిలోకి వేడి పోయే తేలిక సుమారు 6. తేడా 7.2, కాబట్టి గదిలోకి దిగినది 43. మిగులు 393. పెరుగుదల 5.8 డిగ్రీలు. పదకొండింటికి శ్లాబు 45 డిగ్రీలు.

11 నుంచి 12 వరకు: ఎండ 900 వాట్లు, జమ 630. గాలి 34, గది 33. పైకి పోయినది 220, గదిలోకి దిగినది 72. మిగులు 338. పెరుగుదల 5 డిగ్రీలు. పన్నెండింటికి శ్లాబు 50 డిగ్రీలు!

ఇదే లెక్క సున్నం వేసిన శ్లాబుకు మీరే వేయండి. జమలో 0.7కు బదులు 0.3 వాడాలి. అంతే తేడా. 32 నుంచి 35.1కి, తరువాత 37.7కి, పన్నెండింటికి 40.2కి చేరుతుంది. తల మీది కప్పు పది డిగ్రీలు చల్లబడింది.

పాసుబుక్కును సాయంత్రం దాకా నడిపించండి. మూడున్నర, నాలుగు గంటలకు ఎండ తగ్గినా శ్లాబులో నిల్వ ఒక్కసారిగా తగ్గదు. పగలంతా దాచుకున్న వేడిని అది సూర్యుడు అస్తమించాక కూడా గదిలోకి ఖర్చు పెడుతూనే ఉంటుంది. రాత్రి పదింటికి పైనుంచి దిగే సెగ ఇదే. తాటాకు కప్పు బరువు తక్కువ, నిల్వ తక్కువ. అందుకే అది పొద్దు గుంకగానే చల్లబడుతుంది. రేకుల కప్పుకు కూడా నిల్వ తక్కువే. కాని రేకు వేడిని అడ్డుకోలేదు గనుక పగలు కొలిమి అవుతుంది. తుపాను గాలికి ఎగిరిపోతుంది కూడా.

కంప్యూటర్ ఏం చేస్తుంది?

మనం మూడు గంటల లెక్క వేశాం. ఏడాదికి 8760 గంటలు. శ్లాబు ఒకటే కాదు, నాలుగు గోడలు, కిటికీలు, తలుపులు, నేల, లోపలి మనుషులు, పొయ్యి, ఫ్రిజ్ అన్నిటికీ పాసుబుక్కులు కావాలి. ఇంకొక సంగతి కూడా ఉంది. శ్లాబు అంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నదని మనం అనుకున్నాం. నిజానికి పై ముఖం బాగా కాలుతుంది, కింది ముఖం ఆలస్యంగా వేడెక్కుతుంది. కనుక శ్లాబును పొరలుగా విభజించి ఒక్కొక్క పొరకు లెక్క వేయాలి. రాత్రి శ్లాబు నుంచి ఆకాశంలోకి పోయే వికిరణాన్ని కూడా చేర్చాలి. చేతితో ఇది అయ్యే పని కాదు. కంప్యూటర్‌కు మాత్రం చిన్న పని.

ఈ విద్య చలి దేశాలలో పుట్టింది. 1939లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో హోయ్ట్ హాటెల్ అనే ఇంజనీరు బృందం ఎండతో వెచ్చబడే ఇల్లు కట్టి కొలతలు తీసింది. 1975లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి ట్రాన్సిస్ అనే ప్రోగ్రాం వచ్చింది. సౌరశక్తి పరికరాలున్న ఇంటిలో గంటగంటకు ఏం జరుగుతుందో అది లెక్కించేది. 2001లో అమెరికా ఇంధన శాఖ ఎనర్జీప్లస్ అనే ప్రోగ్రాంను విడుదల చేసింది. ఇది ఉచితం. ఓపిక ఉన్న కళాశాల విద్యార్థి ఎవరైనా దించుకుని నేర్చుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. చలి దేశంలో సౌర గృహం అంటే ఎండను ఇంట్లోకి పిలిచే ఇల్లు. దక్షిణాన పెద్ద అద్దాల కిటికీలు, వేడిని దాచే బరువైన నేల. ఆ బొమ్మను పుస్తకంలో చూసి పలాసలో కడితే ఏమవుతుందో మీరు ఊహించగలరు. సూత్రాలు అన్ని దేశాలకూ ఒకటే. జవాబులు మాత్రం ఊరికొకటి. మనకు సౌర గృహం అంటే వెలుగును, గాలిని రానిచ్చి వేడిని గుమ్మం బయటే ఆపే ఇల్లు.

అందుకే కంప్యూటర్‌కు ఇంటి కొలతలతో పాటు ఊరి వాతావరణం కూడా ఇవ్వాలి. ఒక ప్రాంతపు ఎండ, వేడి, తేమ, గాలి అంకెలను గంటగంటకు, ఒక సగటు సంవత్సరానికి కూర్చి దస్త్రంగా తయారుచేస్తారు. విశాఖపట్నానికి అటువంటి దస్త్రం ఉంది. మన జిల్లాలో కళింగపట్నంలో వాతావరణ శాఖ పరిశీలనా కేంద్రం ఉంది. ఉద్దానం ఊరికి హైదరాబాదు అంకెలు వేస్తే తేమ తప్పుతుంది, సముద్రపు గాలి తప్పుతుంది, జవాబు కూడా తప్పుతుంది.

లెక్కను నమ్మవచ్చా?

మంచి ప్రశ్న. లెక్కకు గురువు కొలత. హైదరాబాదులో ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల పరిశోధకులు కలిసి నిజమైన భవనాల కప్పుల మీద కొలతలు తీశారు. ఫలితాలు 2012లో వెలువడ్డాయి. నల్లని కప్పును తెల్లగా మారిస్తే చల్లబరచడానికి అయ్యే కరెంటు నూటికి 14 నుంచి 26 పాళ్ళు తగ్గింది. మామూలు కాంక్రీటు కప్పును తెల్లబరిస్తే చదరపు మీటరుకు ఏడాదికి 13, 14 యూనిట్లు మిగులుతాయని వారు అంచనా కట్టారు.

ఈ అంకెను మన లెక్కతో పోల్చి చూద్దాం. మన లెక్కలో 30 చదరపు మీటర్లకు రోజుకు 4 యూనిట్ల కరెంటు మిగిలింది. దాన్ని 365తో గుణించి 30తో భాగిస్తే చదరపు మీటరుకు సుమారు 49 యూనిట్లు! హైదరాబాదు అంచనాకు మూడు రెట్ల పైన. ఎందుకు? ఏడాదంతా మే నెల కాదు. వానాకాలంలో మబ్బులుంటాయి, చలికాలంలో ఏసీ అవసరం ఉండదు. పైగా వారు చూసినవి ఇళ్ళు కావు, వ్యాపార భవనాలు. అటువంటి చోట రాత్రి ఏసీ ఆపేస్తే రాత్రి దిగే వేడి బిల్లులోకి రాదు. సున్నం కూడా వానలకు మాసిపోతుంది, ఏటా మళ్ళీ వేయాలి. ఒక రోజు లెక్కను ఏడాదికి హెచ్చించకూడదనీ, 8760 గంటలూ ఓపికగా నడవాలనీ ఈ పోలిక నేర్పుతున్నది. తెల్ల కప్పు మంచిదన్న మాట మాత్రం లెక్కలోనూ, కొలతలోనూ ఒకటే. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించడం వెనుక ఉన్నదీ ఈ సూత్రమే.

తిత్లీ వచ్చిన రెండు నెలలకు, 2018 డిసెంబరులో, కేంద్ర ప్రభుత్వం ఎకో నివాస్ సంహిత అనే నియమావళిని వెలువరించింది. నివాస భవనాల కప్పు యు విలువ 1.2కు మించరాదని అది చెబుతుంది. మన మామూలు శ్లాబు 3.4 అని గుర్తుంది కదా! దాదాపు మూడు రెట్లు.

నాలుగవ మెట్టు: పలకలు, గాలి, చీకటి

ఇప్పుడు సౌర పలకల సంగతి. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు అంతకు పైబడితే 78 వేల రూపాయలు సాయం ప్రకటించింది. మంచిదే. కాని పలకలు పెట్టుకునే ముందు మన తీరం వారు రెండు లెక్కలు వేసుకోవాలి.

మొదటిది గాలి లెక్క. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మన ఇంజనీర్లు వాడే సూత్రం ప్రకారం, వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్లో వస్తుంది. గంటకు 150 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 41.7 మీటర్లు. లెక్క వేయండి. 1040 న్యూటన్లు, అంటే 106 కిలోల బరువుతో సమానం. రెండు చదరపు మీటర్ల పలక మీద 210 కిలోల బలం! పలక బరువు 20 కిలోల చిల్లరే. ఇటుకలు పేర్చి ఆపితే ఆగుతుందా? చట్రాన్ని శ్లాబులోకి బోల్టులతో బిగించాలి. కప్పు అంచుల దగ్గర, మూలల దగ్గర గాలి ఎత్తుడు మరీ ఎక్కువ గనుక అక్కడ పలకలు పెట్టకపోవడం మేలు. మన అక్షాంశానికి దక్షిణంగా 15 నుంచి 19 డిగ్రీల వాలు చాలు. అంతకంటె ఎత్తుగా నిలబెడితే గాలికి తెరచాప కట్టినట్లే. పలకల కింద పడే నీడ శ్లాబును చల్లగా ఉంచడం అదనపు లాభం.

రెండవది చీకటి లెక్క. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకు కలిపిన మామూలు సౌర పరికరం, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్‌కు మన ఇంటి కరెంటు తగిలి ప్రమాదం జరగకుండా అలా తయారుచేశారు. అంటే తుపాను తరువాత ఎండ ఫెళఫెళ కాస్తున్నా, కప్పు మీద పలకలు మెరుస్తున్నా ఇంట్లో దీపం వెలగదు! తుపానుల తీరంలో దీపం కావాలంటే కొద్దిపాటి బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టర్ ఉండాలి.

ఎంత బ్యాటరీ? మళ్ళీ పాసుబుక్కే. 9 వాట్ల ఎల్‌ఇడి బల్బులు నాలుగు, ఐదు గంటలు: 180 వాట్-గంటలు. ఫోనుకు, రేడియోకు 100. రెండు ఫ్యాన్లు, పన్నెండు గంటలు. ఫ్యాను 30 వాట్ల కొత్త రకం అయితే 720. 75 వాట్ల పాత రకం అయితే 1800. అంటే కొత్త ఫ్యాన్ల ఇంటికి రోజుకు 1 యూనిట్, పాత ఫ్యాన్ల ఇంటికి 2 యూనిట్లు. రెండిళ్ళకూ 3 యూనిట్ల బ్యాటరీ, ఒక కిలోవాట్ పలకలు ఇచ్చి తుపాను రప్పిద్దాం.

తుపాను రోజు పలకలు ఇచ్చేది అర యూనిట్. సాయంత్రానికి కొత్త ఫ్యాన్ల ఇంట్లో నిల్వ 2.5, పాత ఫ్యాన్ల ఇంట్లో 1.5.
రెండవ రోజు ముసురు, వచ్చింది 0.3. మొదటి ఇంట్లో 1.8. రెండవ ఇంట్లో నిల్వ అయిపోయింది, రాత్రి చీకటి.
మూడవ రోజు మబ్బు విడిచి 2 యూనిట్లు. మొదటి ఇంట్లో 2.8. రెండవ ఇంట్లో వచ్చినది వచ్చినట్లు ఖర్చు, నిల్వ సున్న.
నాలుగవ రోజు ఎండ, 4 యూనిట్లు. మొదటి ఇంట్లో బ్యాటరీ నిండింది. రెండవ ఇంట్లో 2.

పలకలూ ఒకటే, బ్యాటరీ ఒకటే, తుపానూ ఒకటే. ఒక ఇంట్లో దీపం ఒక్క రాత్రి కూడా ఆరలేదు. రెండవ ఇంట్లో అందరికీ అవసరమైన రాత్రే ఆరిపోయింది. తేడా తెచ్చింది ఫ్యాను. కప్పు చల్లగా ఉంటే ఆ ఫ్యాను కూడా తక్కువ గంటలు తిరిగితే చాలు. మొదటి మూడు మెట్లు నాలుగవ మెట్టుకు ఎలా సాయపడ్డాయో చూడండి.

మీరు చేయవలసిన పని

ఒకే రకం సిమెంటు పలకలు, లేదా పెంకులు రెండు తీసుకోండి. ఒకదానికి రెండు పూతలు సున్నం వేసి ఆరనివ్వండి. రెండింటినీ నేల మీద, ఎండలో, ఒకే చోట ఉంచి ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు గంటగంటకు ఉష్ణోగ్రత తీసుకోండి. థర్మామీటరు బుడ్డిని పలక అడుగున ఆనించి, ఎండ తగలకుండా గుడ్డముక్కతో కప్పాలి. జ్వరం థర్మామీటరు దీనికి పనికిరాదు, ప్రయోగశాలలోనిది అడిగి తీసుకోండి. పిట్టగోడ లేని డాబా మీదికి మాత్రం ఎక్కవద్దు.

తరువాత పైన చెప్పిన పాసుబుక్కు పద్ధతిలో రెండు పలకలకూ లెక్క వేయండి. మందం మారింది గనుక 68 అనే అంకె మారుతుంది. పలక బరువు కిలోలలో తూచి, 0.24తో గుణించి, వైశాల్యంతో భాగిస్తే మీ పలకకు తగిన అంకె వస్తుంది. పలక పలుచనైతే గంట మరీ పెద్ద అడుగు అవుతుంది. అప్పుడు పది నిమిషాలకొకసారి లెక్క వేయండి. అంటే ప్రతి అడుగులోనూ జమనూ ఖర్చునూ ఆరుతో భాగించాలి. లెక్కనూ కొలతనూ ఒకే గ్రాఫు కాగితం మీద రెండు రంగులతో గీయండి. రెండు గీతలూ ఎక్కడ విడిపోయాయో అక్కడ ఆగి కారణం వెతకండి. గాలి ఎక్కువ వీచిందా? మబ్బు వచ్చిందా? నేల నుంచి వేడి ఎక్కిందా?

మీ ఇంట్లోగాని, చుట్టాలింట్లోగాని ఎవరైనా కొత్త ఇల్లు తలపెడితే, ముగ్గు పోయకముందే ఈ కాగితాలు వారికి చూపించండి. పడమట ఏముందో, కప్పు మీద ఏం వేయబోతున్నారో అడగండి. మేస్త్రీ గారు ఒక్క గంట ఆగడం వల్ల పోయేదేమీ లేదు.